మెట్ల దారిలో స్నేహితుణ్ణి వెనక వదిలేశాం, ఈ శివరాత్రికి వాణ్ణి మళ్ళీ ఎలా పిలవాలి?

చివరి_బెంచీ

అందరికీ నమస్తే. పోస్టు పెద్దదవుతుంది, ముందే చెప్తున్నా.

పోయిన శివరాత్రికి మేం ఐదుగురం వెంకటాపురం నుంచి నల్లమల దారిలో శ్రీశైలం నడిచాం. కర్నూల్లో అందరిదీ ఒకే కాలేజీ. ఇప్పుడు ఇద్దరు హైదరాబాద్, ఇద్దరు బెంగళూరు, ఒకడు మాత్రం ఊళ్ళోనే పురుగుమందుల షాపు పెట్టుకున్నాడు. ఆ షాపు వాణ్ణే ఇక్కడ బాబాయ్ అంటాను. కాలేజీలో కూడా అందరం అలాగే పిలిచేవాళ్ళం, ఇరవయ్యేళ్ళకే పొట్టా బట్టతలా రెండూ వచ్చేశాయి పాపం. అసలు ఈ మొక్కు కూడా వాడిదే. వాళ్ళమ్మకి గుండె ఆపరేషన్ క్షేమంగా అయితే మూడేళ్ళు వరసగా మల్లన్న దగ్గరికి నడిచి వస్తానని మొక్కుకున్నాడు. మిగతా నలుగురం 'మేమూ వస్తాం రా' అని తగులుకున్నాం, నిజం చెప్పాలంటే మాకు భక్తి సగం, అందరం కలిసి చాలా రోజులైంది కదా అన్న సంబరం సగం.

మొదటిరోజు బాగానే గడిచింది. సాయంత్రం నాలుగింటికి వెంకటాపురంలో మొదలుపెట్టి చీకటిపడ్డాక నాగలూటి చేరాం, వీరభద్రస్వామి గుడి దగ్గర పట్టా పరుచుకుని పడుకున్నాం. పడుకున్నాం అంటే పన్నెండు దాకా కాలేజీ కబుర్లే. పొద్దున లేచేసరికి పక్కన పడుకున్న గుంపులన్నీ వెళ్ళిపోయాయి, మేం ఏడింటికి కదిలాం. ఆ ఒక్కరోజులోనే శ్రీశైలం చేరిపోవాలని మా లెక్క. ఈ లెక్క వేసింది నేనే, ఫోన్లో మ్యాప్ చూసి.

పెద్దచెరువు చేరేసరికే బాబాయ్ కుంటుతున్నాడు. నడక కోసమని వారం ముందు కొత్త బూట్లు కొన్నాడు, అవి ముందువైపు ఇరుకు. అన్నదానంలో పులిహోర తిన్నాం, చెరువు గట్టున ఓ చెట్టు కింద కాసేపు ఒరిగాం, కాసేపనుకున్నది గంటన్నర అయింది. మళ్ళీ బయల్దేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. అడవి అంటే నీడ ఉంటుందనుకున్నా, ఆ నెలలో చెట్లకి ఆకులు ఉండవని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. ఎండుటాకుల మీద కాలు పెడితే జారడం, రాళ్ళ మీద పెడితే కాలడం.

మఠంబావి దగ్గర బాబాయ్ బూటు విప్పి చూపించాడు. రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నేరేడుపండు రంగుకొచ్చాయి. నొక్కితే గోరు కింద నీరు కదులుతోంది. అక్కడ నేను చేసిన మంచిపని ఒకటుంది, అదే కొంప ముంచింది. బరువు తగ్గుతుంది కదా అని వాడి సంచి నేను తీసుకుని భుజాన వేసుకున్నా.

భీముని కొలను లోయలోకి దిగే మెట్లు మొదలయ్యే చోట వాడు కూలబడ్డాడు. 'మీరు పదండి రా, నేను మెల్లగా వస్తా' అన్నాడు. అప్పటికి సాయంత్రం ఐదు. మా వాళ్ళలో ఇద్దరు అప్పటికే ముందుకెళ్ళిపోయారు, చీకటి పడకముందే లోయ దాటేయాలని నాకు టెన్షన్. 'సరే, మెల్లగా రా, దారి నిండా జనం ఉన్నారు కదా' అని నేనూ ఇంకొకడూ దిగిపోయాం. ఏడున్నరకి అటువైపు ఎక్కి కైలాస ద్వారం చేరాం. అక్కడ నీళ్ళు తాగుదామని సంచి విప్పితే చేతికి వచ్చింది బాబాయ్ నీళ్ళ సీసా. దాని కింద వాడి టార్చి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, బీపీ మాత్రలు కూడా.

ఫోన్ చేస్తే కలవలేదు. వెనక్కి దిగుదామంటే కాళ్ళు మొండికేశాయి. వచ్చేవాళ్ళని అడుగుతూ కూర్చున్నాం, పొట్టిగా బట్టతలతో ఉంటాడు, నీలం చొక్కా, చూశారా అని. పదింపావుకి వచ్చాడు. ఒక పెద్దామె చేతికర్ర రెండో కొస పట్టుకుని, బూట్లు మెళ్ళో వేలాడేసుకుని, వట్టి కాళ్ళతో ఎక్కాడు. ఆమె, వాళ్ళాయన, ఇద్దరికీ అరవై దాటి ఉంటాయి, వాళ్ళ నీళ్ళే తాగించి తీసుకొచ్చారు. బాబాయ్ నా దగ్గరికి వచ్చి సంచి తీసుకున్నాడు, జిప్పు తీసి మాత్ర వేసుకున్నాడు, అంతే. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

అప్పట్నుంచి గ్రూపులో ఎవరేం పెట్టినా బొటనవేలు గుర్తు పెడతాడు, ఒక్క మాట రాయడు. ఈ శివరాత్రికి ఇంకా ఆరు వారాలుంది. వాడు ఎలాగూ నడుస్తాడు, మొక్కు కదా, ఒంటరిగా బయల్దేరతాడేమోనని భయం. నా ప్రశ్నలు రెండు. ఒకటి, ఈ దారి ఎలా నడిస్తే మళ్ళీ ఇలా కాకుండా ఉంటుంది, ఎక్కడ ఆగాలి, ఎప్పుడు కదలాలి. రెండోది, వాణ్ణి ఏ మొహం పెట్టుకుని పిలవాలి?

నల్లమల_నడక

తమ్ముడూ, మాది ఆత్మకూరు పక్క పల్లె, ఆ దారిలో పదకొండుసార్లు నడిచా. రెండో ప్రశ్న తర్వాత, ముందు దారి సంగతి చెప్తా.

నువ్వు మ్యాప్ చూసి లెక్కేశానన్నావే, అక్కడే మొదటి తప్పు. వెంకటాపురం నుంచి మొత్తం 40 కిలోమీటర్ల పైమాటే, కానీ ఆ దారిలో కిలోమీటర్లు లెక్క కాదు. పెద్దచెరువు దాకా ఎవరైనా నడుస్తారు. అసలు పరీక్ష మఠంబావి దాటాక, అదీ ఒళ్ళు పూర్తిగా అలిసిపోయాక వస్తుంది. భీముని కొలను అంటే లోయ. ఇటువైపు దిగాలి, అడుగున నీళ్ళ దగ్గర నిలబడి తలెత్తి చూస్తే మళ్ళీ అంతా అటువైపు ఎక్కాలి. శ్రీశైలం మెట్లు, అహోబిలం మెట్లు కట్టించింది 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి అని బళ్ళో చదివాం కదా, మెట్లంటే తిరుమల మెట్లలాగా సిమెంటుతో వరసగా ఉంటాయనుకుని వస్తారు కొత్తవాళ్ళు. ఇవి అడవి రాళ్ళు. ఒకటి జానెడెత్తు, తర్వాతది మోకాలెత్తు, కొన్ని కదులుతాయి, కొన్ని లక్షల పాదాలు రుద్ది రుద్ది నున్నగా అయిపోయి ఉంటాయి. కాలు నొప్పి ఉన్నవాడు అక్కడ ప్రతి మెట్టుకీ లెక్క చూసుకోవాల్సిందే.

మేం నడిచే పద్ధతి ఇది. మొదటిరోజు తెల్లవారకముందే వెంకటాపురంలో కదిలి, ఎండెక్కేలోపు నాగలూటి. అక్కడ ఎండపూట పడుకోవడమే, కబుర్లు లేవు. చల్లబడ్డాక పెద్దచెరువు, రాత్రి అక్కడే మకాం. చెంచుల గూడెం ఉంది, పండగ రోజుల్లో అన్నదానాలు, దుకాణాలు, మనుషుల సందడి ఉంటుంది. రెండోరోజు మూడున్నరకి లేచి నాలుగింటికి కదిలితే మఠంబావి దగ్గర తెల్లారుతుంది, ఎండ ముదిరేసరికి లోయ దాటేసి కైలాస ద్వారం దగ్గర కూర్చోవచ్చు. మీరు దిగిన టైముకి, అంటే సాయంత్రం ఐదింటికి, ఆ మెట్ల మీద ఉండకూడదు. పగలంతా కాగిన రాయి, అలిసిన కాళ్ళు, ముంచుకొచ్చే చీకటి. ముంచుకొచ్చే చీకటి అని ఎందుకంటున్నానంటే లోయలో పైన కంటే ముందే చీకటి పడుతుంది.

ఇంకోటి, అది పులుల అడవి. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం మధ్యలోంచి పోతోంది దారి. పండగ జనంలో పులి దగ్గరికి రాదు గానీ ఎలుగ్గొడ్లకి అంత మొహమాటం ఉండదు. దారి వదిలి పక్కకి పోవద్దు, ఒంటరిగా అసలే వద్దు. మీ బాబాయ్ ఒంటరిగా బయల్దేరితే మాత్రం నాకు చెప్పు, మా గుంపులో కలుపుకుంటాం. ప్లాస్టిక్ కవర్లు అడవిలో పారేయకండి, సంచిలోనే తిరిగి తెచ్చుకోండి.

సంచి సంగతి. మోసేవాళ్ళు బట్టలు మొయ్యండి, దుప్పటి మొయ్యండి. నీళ్ళు, మందులు, టార్చి మాత్రం ఎవరివి వాళ్ళ ఒంటి మీదే ఉండాలి. మా నాన్న అయితే గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవాణ్ణి ముందు పెట్టేవాడు. వాడు ఎంత నడిస్తే అందరూ అంతే. కుర్రాళ్ళకి చిరాకొస్తుంది, నాకూ వచ్చేది, ఒకసారి కోపంతో దాటేసి ముందుకెళ్తే రాత్రంతా నాతో మాట్లాడలేదు మా నాన్న.

'మీరు పదండి, నేను వస్తా' అన్నమాట ఉంది చూడూ, మొహమాటస్తుడు అనేమాట అది. నడవలేనివాడు నోరు తెరిచి 'నన్ను వదిలి పోకండి' అని ఎక్కడైనా అంటాడా?

బూడిద_విభూతి

దీక్ష లేదు, మాల లేదు, ఉపవాసం లేదు, బూట్లేసుకుని స్నేహితులతో పిక్నిక్‌లా వెళ్తే స్వామి ఇలాగే బుద్ధి చెప్తాడు. మేం మండలం రోజులు కఠినంగా ఉండి వట్టి కాళ్ళతో నడుస్తాం, ఒక్కరికీ ఏమీ కాలేదు.

చివరి_బెంచీ

స్వామీ, మీరన్నది మాకు వర్తిస్తుందేమో, ఒప్పుకుంటా. కానీ బాబాయ్ నలభై ఒక్క రోజులు మాలలోనే ఉన్నాడు. బూట్లు వేసుకోమని బలవంతపెట్టింది మేమే.

మోకాలి_చిప్ప

నేను ఫిజియోథెరపిస్టుని, శివరాత్రి, ఉగాది అయిన వారానికి మా క్లినిక్‌కి శ్రీశైలం నడిచొచ్చిన మోకాళ్ళు వరసపెట్టి వస్తాయి. వట్టి కాళ్ళతో నడిచినవాళ్ళవి కూడా వస్తాయి, విభూతి గారూ, కాకపోతే వాళ్ళు చెప్పుకోరు.

అందరూ ఎక్కడమే కష్టమనుకుంటారు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, నిలబడితే పోతుంది. దెబ్బ తగిలేది దిగేటప్పుడు. ఒంటి బరువంతా తొడ ముందు కండరం పట్టి ఆపుతుంది, లారీ ఘాట్‌లో దిగుతూ బ్రేకు తొక్కి పట్టినట్టు. అది అలిసిపోయాక బరువు మోకాలి మీద పడుతుంది, కాలు వణుకుతుంది. అదే సమయంలో పాదం బూటులో ముందుకి జారి ప్రతి మెట్టుకీ బొటనవేలు గోడకి గుద్దుకున్నట్టు గుద్దుకుంటుంది. మీ బాబాయ్ గారి నేరేడుపండు గోళ్ళు అలా వచ్చినవే, లోపల రక్తం గడ్డకట్టింది. పైగా ఎండలో నడిస్తే సాయంత్రానికి పాదం ఉబ్బుతుంది, ఉదయం సరిపోయిన బూటు సాయంత్రానికి ఇరుకే.

ఆరు వారాలుంది అన్నారు కాబట్టి చెప్తున్నా. బూట్లు సాయంత్రం పూట కొనండి, వేలికీ బూటు కొసకీ మధ్య చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. కొన్నవి కనీసం నెల రోజులు ఊళ్ళో తొడిగి తిరగాలి. గోళ్ళు నడకకి రెండు మూడు రోజుల ముందు అడ్డంగా, పొట్టిగా కత్తిరించుకోండి. పార్కులో చదునుగా పది కిలోమీటర్లు నడిచి ప్రాక్టీసు అయిపోయిందనుకోకండి, అపార్ట్‌మెంటులో లిఫ్ట్ ఎక్కి పైకెళ్ళి మెట్లు దిగండి, మళ్ళీ లిఫ్ట్, మళ్ళీ దిగడం. వాచ్‌మన్ నవ్వుతాడు, నవ్వనివ్వండి. చేతికర్ర తప్పనిసరి, దిగేటప్పుడు కర్ర ముందు మెట్టు మీద ఆనించి తర్వాత కాలు. బొబ్బలెక్కితే సూది పెట్టి చిదమొద్దు.

ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకి, గ్లాసుడు నీళ్ళలో సగం ప్యాకెట్ పోసుకుని తాగేస్తుంటారు చాలామంది, అది తప్పు. నొప్పి మాత్రలు దారిలో గంటకొకటి మింగేవాళ్ళని కూడా చూశాను, ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు అవి కిడ్నీల మీద పడతాయి. బీపీ ఉన్న మనిషి నడకకి ముందే డాక్టర్ని అడగాలి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో. ఎండలో నడుస్తున్నవాడు తేడాగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, వాంతి చేసుకున్నా నడక అక్కడితో ఆపేయాలి. నీడలో పడుకోబెట్టి, ఒంటి మీద నీళ్ళు పోసి విసురుతూ మనుషుల్ని కేకేయండి. 'ఇంకొంచెమే, పైదాకా వచ్చేశాం' అని లాక్కుపోవద్దు.

తుంగభద్ర_ఒడ్డు

మాది ఆదోని వైపు, ఇంట్లో సగం కన్నడం సగం తెలుగు. మేం శివరాత్రికి కాదు, ఉగాదికి నడుస్తాం, అప్పుడు దారంతా కన్నడమే వినిపిస్తుంది. రాయచూరు, బాగల్‌కోట్, విజయపుర అంత దూరం నుంచి రోజుల తరబడి నడిచొస్తారు. భ్రమరాంబ మా ఆడపడుచు, మల్లయ్య మా అల్లుడు అంటారు వాళ్ళు, పండక్కి కూతురింటికి సారె పట్టుకెళ్తున్నట్టే ఉంటుంది ఆ హడావిడి. కొందరు మరగాళ్ళు కట్టుకుని, అంటే కాళ్ళకి పొడవాటి కర్రలు కట్టుకుని నడుస్తారు. మామూలు కాళ్ళతోనే మనకి ఇన్ని కథలు, వాళ్ళు కర్రల మీద!

ఆ గుంపుల్లో నేను గమనించింది ఒకటి చెప్తా. అందరికంటే వెనక ఒక మనిషి ఉంటాడు, సాధారణంగా గట్టివాడు, వయసులో పెద్దవాడు. వాడి వెనక వాళ్ళ ఊరివాళ్ళు ఎవరూ ఉండకూడదు, వాడి పని అంతే. నీళ్ళ దగ్గర ఆగినప్పుడల్లా తలలు లెక్కపెడతారు, అందరూ అందేదాకా ముందువాళ్ళు లేవరు. ఒకసారి మా అత్త ఏడుస్తూ కూర్చుంటే ఆ వెనక మనిషి ఏమీ బతిమాలలేదు, తనూ పక్కన కూర్చుని బొరుగులు తింటూ పొలం సంగతులు మాట్లాడాడు, పావుగంటకి ఆమే లేచింది.

అన్నట్టు ఆ లోయ ఎక్కేటప్పుడు జనం 'చేదుకో మల్లన్నా' అని అరుస్తారు కదా. చిన్నప్పుడు నేను అది చేదు మందు చేదు అనుకునేదాన్ని. మా అమ్మమ్మ చెప్పింది, బావిలోంచి బొక్కెన చేదుతాం చూడు, ఆ చేదడం అని. ఆ లోయ అడుగునుంచి పైకి చూస్తే నిజంగా బావిలో ఉన్నట్టే ఉంటుంది. బాబాయ్‌ని ఆ రోజు చేదింది మాత్రం ఆ పెద్దామె కర్ర.

వెనకబడ్డ_దాన్ని

ఈ పేరు ఈ పోస్టు కోసమే పెట్టుకున్నా. దారి సంగతి అందరూ చెప్పారు, రెండో ప్రశ్నకి నేను చెప్తా, ఎందుకంటే మీ బాబాయ్ స్థానంలో నేను కూర్చున్నాను. అక్కడ కాదు, తిరుమలకి శ్రీవారి మెట్టు దారి, దానికున్నది 2,388 మెట్లే, నల్లమల ముందు అది లెక్కలోకే రాదు. అయినా చెప్తా. మా చిన్నాన్న పిల్లలతో వెళ్ళాను, అప్పటికి బాబు పుట్టి ఏడు నెలలు, ఎవరికీ చెప్పుకోలేని నడుం నొప్పి. నేనూ అదే మాట అన్నాను, మీరు పదండి అని. వాళ్ళు వెళ్ళిపోయారు.

వెళ్ళిపోయినందుకు నాకు పెద్ద కోపం రాలేదండీ. అన్నది నేనే కదా. కాళ్ళు నొప్పెడుతుంటే పక్కన ఎవరూ లేకపోవడమే కొంతసేపు హాయిగా ఉంది, ఏడవాలంటే ఏడవచ్చు. కోపం తర్వాత వచ్చింది. పైకి చేరేసరికి వాళ్ళు ఐస్‌క్రీములు తింటూ నేను ఎన్నింటికి వస్తానో పందెం వేసుకున్నారు, గెలిచినవాడికి అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ళకి ఈరోజుకీ అది జోకే. నాకు ఆ చప్పట్లు ఇంకా వినిపిస్తాయి.

అందుకే అడుగుతున్నా, నిజం చెప్పండి. ఆ రెండు ముప్పావు గంటలు, వాడి కోసం చూస్తూ కూర్చున్నారు కదా, ఇంకేం చేశారు? ఫోటోలు ఏమైనా దిగారా? గ్రూపులో పెట్టారా?

చివరి_బెంచీ

ఈ పోస్టు చదివి గంటసేపు జవాబు రాయలేకపోయాను.

పెట్టాం. కైలాస ద్వారం ఎక్కగానే, ఇంకా సంచి విప్పకముందు, నలుగురం చేతులు కలుపుకుని ఒక ఫోటో దిగాం. మావాడొకడు దాని కింద 'మిషన్ కంప్లీట్, బాబాయ్ లోడింగ్' అని రాసి గ్రూపులో పెట్టాడు. సిగ్నల్ లేక అది అప్పుడు వెళ్ళలేదు, గిర్రున తిరుగుతూ ఉండిపోయింది, మేమూ మర్చిపోయాం. రాత్రి శ్రీశైలంలో సిగ్నల్ తగలగానే వెళ్ళింది. బాబాయ్ అప్పుడు నా పక్కనే కూర్చుని కాళ్ళకి పసుపు రాసుకుంటున్నాడు. ఫోన్ తీసి చూశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. మొదటి బొటనవేలు గుర్తు పెట్టింది ఆ ఫోటోకే. ఇప్పుడే వెనక్కి వెళ్ళి చూశాను.

సంవత్సరం నుంచి నేను సంచి గురించి బాధపడుతున్నాను.

వెనకబడ్డ_దాన్ని

సంచికి కూడా బాధపడండి, తప్పులేదు. కానీ క్షమాపణ సంచికి చెప్పి ఊరుకుంటే వాడు 'పర్లేదు రా' అనేస్తాడు, అక్కడితో అయిపోతుంది. ఫోటో గురించి మీరే ఎత్తండి. మెసేజ్ పెట్టకండి, గ్రూపులో అసలే వద్దు, దానికీ బొటనవేలు వస్తుంది. బస్సెక్కి షాపుకి వెళ్ళండి. నలుగురూ కట్టగట్టుకుని వెళ్ళకండి, పెళ్ళిచూపుల్లా ఉంటుంది.

నల్లమల_నడక

అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. షాపుకి సాయంత్రం వెళ్ళు తమ్ముడూ, పొద్దున రైతులుంటారు, మాట్లాడనివ్వరు.

చివరి_బెంచీ

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నా, అడిగినవాళ్ళు ఉన్నారు కాబట్టి.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు షాపుకి వెళ్ళాను, ఒక్కణ్ణే. నన్ను చూసి స్టూలు జరిపాడు, టీ చెప్పాడు. వాళ్ళమ్మ ఎలా ఉందంటే బాగుంది, రోజూ గుడిదాకా నడుస్తోంది అన్నాడు. అరగంట వానల గురించి, మిర్చి రేటు గురించి మాట్లాడుకున్నాం. నాకు నోరు రావడం లేదు. చివరికి ఫోన్ తీసి ఆ ఫోటో తెరిచి బల్ల మీద పెట్టి, 'ఇది పెట్టాల్సింది కాదు రా' అన్నాను. అంతకంటే ఏమీ తయారు చేసుకుని వెళ్ళలేదు.

వాడు కాసేపు చూశాడు. తర్వాత ఆ రాత్రి సంగతి మొదటిసారి చెప్పాడు. లోయ అడుగున నీళ్ళ దగ్గర చాలాసేపు కూర్చున్నాడట, మాత్ర వేసుకునే టైము దాటిపోయింది, కళ్ళు తిరుగుతున్నాయి. పైన మెట్ల మీద టార్చి వెలుగులు వరసగా ఎక్కుతుంటే వాటిల్లో మావి ఏవో అని చూశాడట. అప్పుడు ఆ పెద్దామె వచ్చి ఏం నాయనా నీవాళ్ళెక్కడ అని అడిగితే, నాతో ఎవరూ రాలేదమ్మా, ఒక్కణ్ణే వచ్చాను అని చెప్పాడట. 'మీ పరువు తీయడం ఎందుకని అలా చెప్పాను రా, తీరా పైకొచ్చాక మీరు నలుగురూ బాబాయ్ బాబాయ్ అని ఎగబడితే ఆమె నా మొహం చూసింది చూడూ' అన్నాడు. ఇద్దరం నవ్వాం. నాకు నవ్వుతోపాటు కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి, షాపులో మందుల ఘాటు వల్ల అని చెప్పుకున్నాను.

వస్తావా అని నేను అడగలేదు. వాడే కాగితం తీసి రాశాడు. పెద్దచెరువులో రాత్రి మకాం, నాలుగింటికి లేవాలి, లేవనివాణ్ణి అక్కడే వదిలేయడం. మూడోది రాసి తనే కొట్టేశాడు, 'వదిలేయడం లేదు, నీళ్ళు పోసి లేపడం' అని దిద్దాడు. ముందు బాబాయ్, అందరికంటే వెనక నేను. ఎవరి నీళ్ళు వాళ్ళ ఒంటి మీద. కైలాస ద్వారం దగ్గర ఫోటో లేదు, గుడి ముందు ఐదుగురూ ఉంటేనే. మోకాలి చిప్ప గారూ, మీ పోస్టు చదివి వినిపించాను, బీపీ డాక్టర్ దగ్గరికి వెళ్తానన్నాడు. ఈసారి వాడు వట్టి కాళ్ళతోనే నడుస్తాడట, నాలుగు నెలల నుంచి పొలం గట్ల మీద అలవాటు చేస్తున్నాడు.

లేచి వస్తుంటే లోపల్నుంచి ఒక అట్టపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టాడు. అవే బూట్లు. ఈసారి ఇవి నువ్వేసుకోవాలి, అదే నీకు శిక్ష అన్నాడు. వాడిది పది, ఆ బూట్లు తొమ్మిది, నాది ఎనిమిది.

మోకాలి_చిప్ప

ఒక సైజు పెద్దవి అన్నమాట. మందం మేజోళ్ళు వేసుకుని ఇవాళ్టినుంచే తొడగండి, ఇంకా నాలుగు వారాలుంది.